డాక్టర్ పట్టాభి సీతారామయ్య – ఆంధ్రుల బ్యాంకు

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరు వినగానే చదువుకున్నవారికి ముందుగా స్ఫురించేవి రెండు. ఒకటి 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికై సుభాష్ చంద్రబోసుతో ఆయన పోటీపడి ఓడిపోవడం. రెండవది ఆయన ఆంగ్లంలో రచించిన భారత జాతీయ కాంగ్రెస్ చరిత్ర. ఓటమి గుర్తున్నంతగా ఆయన సాధించిన ఒక విజయం లోకానికి గుర్తులేదు. పొలాల్లో పండిన సంపద పాతరల్లోను, నగల పెట్టెల్లోను నిద్రపోతున్న కాలంలో, దానిని మేల్కొలిపి వ్యవసాయానికి, వర్తకానికి, పరిశ్రమకు మళ్ళించే మార్గమేదని ఆలోచించిన తెలుగువారిలో ఆయన అగ్రగణ్యులు. వైద్యవిద్యను అభ్యసించిన వ్యక్తి వడ్డీ లెక్కల లోతులు తెలుసుకొని బ్యాంకులు, బీమా కంపెనీలు నెలకొల్పడం వింతగానే తోస్తుంది. ఆ వింత వెనుక ఉన్న చరిత్రయే ఈ పాఠ్యాంశం.

పట్టాభి 1880 నవంబరు 24న గుండుగొలను గ్రామంలో జన్మించారు. ఆనాడు అది కృష్ణా మండలంలోనిది. నేడు ఏలూరు జిల్లాలో ఉంది. సంపన్న కుటుంబం కాదు. చిన్ననాటనే తండ్రిని కోల్పోగా, తల్లి గంగమ్మ అనేక కష్టాలకోర్చి బిడ్డలను చదివించింది. చేతిలో రొక్కం లేని ఇంటికి ప్రతి ఖర్చూ ఒక పరీక్షయే. ఏలూరులోను, బందరు నోబుల్ కళాశాలలోను చదివిన పట్టాభి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టం పుచ్చుకొని, అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో ఎం.బి.సి.ఎం. పూర్తిచేశారు. మద్రాసులోనే వైద్యం ఆరంభించి స్థిరపడగల అవకాశం ఉన్నా, మచిలీపట్నానికి తిరిగివచ్చి అక్కడ వైద్యవృత్తి చేపట్టారు.

ఆయన ఎన్నుకున్న ఆ పట్టణం స్థితిగతులను కొంత తెలుసుకోవాలి. మచిలీపట్నం ఒకప్పుడు కోరమండల తీరంలో పేరుమోసిన రేవు. డచ్చివారు, ఆంగ్లేయులు పదిహేడవ శతాబ్దారంభంలోనే ఇక్కడ వర్తకస్థావరాలు ఏర్పరచుకున్నారు. ఆంగ్లేయులు వచ్చినది 1611లో. కలంకారీ వస్త్రాలు ఇక్కడినుండి దూరదేశాలకు తరలిపోయేవి. మద్రాసు, కలకత్తా రేవులు పెరిగినకొలది బందరు వన్నె తరిగింది. 1864 నవంబరు 1న విరుచుకుపడిన ఉప్పెన దాదాపు ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకొని, ఉన్న కొద్దిపాటి వైభవాన్నీ తుడిచివేసింది. పట్టాభి వైద్యం ఆరంభించేనాటికి పట్టణంలో మిగిలినవి పాత జ్ఞాపకాలు, ఒక కళాశాల, వకీళ్ళ కచేరీలు.

పట్టణం క్షీణించినా చుట్టుపక్కల పల్లెలు క్షీణించలేదు. గోదావరిపై ధవళేశ్వరం వద్ద, కృష్ణపై బెజవాడ వద్ద పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఆనకట్టలు లేచాయి. మెరకలు పల్లాలయ్యాయి, వరి విస్తరించింది, భూముల విలువలు పెరిగాయి. పెద్ద కమతాల రైతుల గాదెలు నిండాయి. కాని ఆ ఐశ్వర్యం ఏమయ్యేది? బంగారంగా మారి మెడలకెక్కేది. లేదా మరికొంత పొలం కొనడానికి వినియోగమయ్యేది. లేదా పొరుగువానికి అప్పుగా పోయేది. దానిని పరిశ్రమకో దూరప్రాంత వర్తకానికో అందించే సంస్థలు తెలుగు జిల్లాల్లో అరుదు. ధనం ఉంది, ధనం అవసరమైనవాడూ ఉన్నాడు. ఆ ఇద్దరినీ కలిపే వంతెన లేదు.

వంతెన లేని చోట పడవవాడు అడిగినంత ఇచ్చుకోక తప్పదు. పల్లెల్లో ఆ పడవవాడు షావుకారు. నూటికి నెలకు రూపాయి అన్న వడ్డీ సామాన్యం. అంటే ఏడాదికి పన్నెండు శాతం. అది భూమి ఉన్నవానికి, మాట నిలుపుకొనేవానికి. హామీ లేనివానికి అది రెట్టింపు, మూడింతలయ్యేది. విత్తనాల వేళ ధాన్యం నాగుకు తెచ్చుకొన్న పేదరైతు, కోతలనాటికి పుట్టికి పుట్టిన్నర కొలవవలసివచ్చే ఊళ్ళుండేవి. అంటే ఆరునెలలకే యాభై శాతం. వడ్డీపై వడ్డీ చేరి చక్రవడ్డీ అయితే, తాత చేసిన అప్పు మనుమని పొలాన్ని మింగేది.

వడ్డీ అధికంగా ఉండడానికి షావుకారు దురాశ ఒక్కటే కారణమని భావించడం పొరపాటు. దురాశ లేకపోలేదు. కాని దానితోపాటు మరి మూడు కారణాలున్నాయి. అప్పిచ్చేవాడు ఊరికి ఒకరిద్దరే కావడం వల్ల పోటీ లేదు. వాన కురవకపోతే అప్పు మునిగిపోతుందన్న భయం ఉంది. అన్నిటికంటె ముఖ్యంగా, ఊరందరికీ డబ్బు ఒకే మాసంలో అవసరమవుతుంది. నాట్లనాడు అందరూ అడిగేవారే, ఇచ్చేవారు అరుదు. కోతల తరువాత అందరివద్దా ధాన్యమే. దానిని కొనే వర్తకులకు రొక్కం కావాలి. మద్రాసు, కలకత్తా, బొంబాయి ద్రవ్య విపణులలోను ఇదే కథ. పంట కదిలే నెలల్లో పెద్ద బ్యాంకుల వడ్డీరేట్లు పెరిగేవి, వానకాలంలో వర్తకం మందగించగానే తగ్గేవి. కంకి బరువెక్కితే మహానగరంలో వడ్డీరేటు కదిలేదన్నమాట.

ఈ సూక్ష్మాన్ని పట్టాభి తరం వారికి తెలియజెప్పిన సంఘటన 1906లో మద్రాసులో జరిగింది. ఆ అక్టోబరులో ఆర్బత్నాట్ అండ్ కంపెనీ దివాలా తీసింది. అది నగరంలోని పేరుపొందిన ఆంగ్లేయ వర్తక సంస్థలలో ఒకటి. అధిక వడ్డీ ఇస్తుందన్న ఆశతో వేలాదిమంది ఉద్యోగులు, విధవలు, దేవాలయ ధర్మకర్తలు తమ సొమ్మును దానివద్ద దాచుకున్నారు. ఆ సొమ్ము సాహసపు పెట్టుబడులలో కరిగిపోయింది. సంస్థ అధిపతి సర్ జార్జి ఆర్బత్నాట్ చెరసాల పాలయ్యాడు. అయితే పోయిన సొమ్ము ఆ శిక్షతో తిరిగిరాలేదు. ఈ విపత్తు నుండి మద్రాసు ప్రముఖులు నేర్చుకున్న పాఠమే 1907లో స్థాపితమైన ఇండియన్ బ్యాంకు. మన సొమ్మును మన నిర్వహణలో, మన కళ్ళెదుట ఉంచుకోవాలన్న తలంపు అప్పటినుండి దక్షిణాదిన బలపడింది. వంగదేశంలో రేగిన స్వదేశీ ఉద్యమం దానికి తోడయింది.

స్వదేశీ భావం పట్టాభిని కేవలం ఖద్దరు ధరించే ఉద్యమకారునిగా నిలపలేదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు ఆయన తోడ్పడ్డారు. 1919లో జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రికను నడిపారు. ప్రత్యేకాంధ్ర రాష్ట్ర వాదానికి గణాంకాలతో కూడిన సమర్థన చేకూర్చినవారిలో ఆయన ప్రముఖులు. ఈ పనులన్నిటిలోను ఒక్క పోలిక కనిపిస్తుంది. ఉపన్యాసంతో తృప్తిపడక, ఉపన్యాసం ముగిసిన మరునాడు కూడా పనిచేసే సంస్థ ఒకటి మిగలాలని ఆయన కోరిక. కొంతకాలానికి వైద్యవృత్తిని సైతం విడిచిపెట్టి పూర్తిగా ప్రజాసేవకు అంకితమయ్యారు.

ఆర్థికరంగంలో ఆయన తొలి అడుగు సహకారోద్యమం. 1904 నాటి చట్టంతో పల్లెల్లో సహకార పరపతి సంఘాలు వెలిశాయి. పదిమంది రైతులు ఒకరికొకరు పూచీపడి, తక్కువ వడ్డీకి అప్పు తీసుకోవడం వాటి సూత్రం. అయితే పల్లె సంఘానికి తన సభ్యుల పొదుపు ఒక్కటే చాలదు. నాట్లనాడు సభ్యులందరూ అప్పు కోరితే ఖజానా ఖాళీ. అటువంటి సంఘాలన్నిటికీ ఒక పెద్ద చెరువువంటి సంస్థ కావాలి. ఒక ఊరికి మిగిలినప్పుడు నీరు అందులో చేరాలి, మరొక ఊరికి తరిగినప్పుడు అందులోనుండి పారాలి. ఆ ఉద్దేశంతో 1915లో మచిలీపట్నంలో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడింది. దాని స్థాపనలో పట్టాభి ప్రధాన పాత్ర వహించారు.

సహకార బ్యాంకు రైతుకు ఉపకరించింది. కాని వర్తకునికి, చిన్న పరిశ్రమలవానికి, పట్టణ గృహస్థుకు వాణిజ్య బ్యాంకు కావలసి ఉంది. 1921లో బొంబాయి, మద్రాసు, వంగ బ్యాంకులు మూడూ కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయ్యాయి. ప్రభుత్వ ధనం దాని వద్దనే ఉండేది. కొత్త శాఖలు తెరవవలసిన బాధ్యత దానిపై ఉన్నా, దాని చూపు ప్రధానంగా పెద్ద వర్తకంపైనే నిలిచింది. స్థానికుని పరువు, పొలం, పంట ఎరిగి అప్పివ్వడం అటువంటి సంస్థకు సాధ్యం కాదు. ఆ పని చేయగలిగినది ఊరివాని బ్యాంకే.

కాలం మాత్రం ఏమంత అనుకూలం కాదు. 1913లో లాహోరు నగరంలో పీపుల్స్ బ్యాంకు కూలింది. ఆ వెంటనే స్వదేశీ బ్యాంకులు డజన్లకొద్దీ మూతపడ్డాయి. స్వల్పకాలిక డిపాజిట్లు తీసుకొని దీర్ఘకాలిక వ్యాపారాల్లో ఇరికించడం, చేతిలో తగినంత రొక్కం ఉంచుకోకపోవడం, నిర్వాహకులు తమ సొంత వ్యాపారాలకే అప్పులు రాసుకోవడం వాటి పతన కారణాలు. 1923 ఏప్రిల్‌లో అలయన్స్ బ్యాంక్ ఆఫ్ సిమ్లా కుప్పకూలింది. అది చిన్న సంస్థ కాదు, తెల్లదొరల నిర్వహణలోనిది. నిర్వాహకుని రంగు బ్యాంకుకు రక్ష కాదని దానితో తేలిపోయింది. అయినా జనానికి కలిగిన భయం భయమే. ఆ ఏడాదిలోనే బందరులో ఒక కొత్త బ్యాంకు పెడతామని ప్రజలను వాటాలు కొనమనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించవచ్చు.

ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరయింది. నవంబరు 28న వ్యాపారం ప్రారంభించింది. అధీకృత మూలధనం పది లక్షల రూపాయలు. వసూలైన మూలధనం ఒక లక్ష. నేటి లెక్కల్లో అది స్వల్పంగా కనిపించవచ్చు. కాని ఆ లక్ష వసూలు చేయడమంటే, సొమ్మును ఇనప్పెట్టెలో పెట్టి తాళంచెవి మొలకు కట్టుకొనే జనానికి, ఒక కాగితం ముక్కను నమ్మమని చెప్పడం. బ్యాంకు వాటాపత్రం పొలం కాదు, దున్నడానికి వీలుకాదు. బంగారం కాదు, తూచడానికి వీలుకాదు. దాని విలువ అంతా నిర్వాహకుల నిజాయితీమీద, లెక్కలమీద ఆధారపడి ఉంటుంది. పట్టాభికి ప్రజలలో ఉన్న గౌరవం ఆ మొదటి లక్షకు అసలైన తనఖా.

బ్యాంకు వ్యవహారం పైకి సులభంగా కనిపిస్తుంది. ఒకరివద్ద తక్కువ వడ్డీకి డిపాజిట్టు తీసుకోవడం, మరొకరికి ఎక్కువ వడ్డీకి అప్పివ్వడం, మధ్యనున్న తేడాతో జీతాలు, ఖర్చులు, నష్టాలు భరించి మిగిలినది లాభంగా పంచడం. నూరు రూపాయలకు ఐదు రూపాయలు వడ్డీ ఇచ్చి తెచ్చిన సొమ్మును ఎనిమిదికి అప్పిస్తే మిగిలేది మూడు. అటువంటి నూరు అప్పులలో మూడు పూర్తిగా మునిగిపోతే, జీతాల మాట అటుంచి, ఏడాది ఆదాయమంతా వాటికే సరిపోతుంది. అందువల్ల బ్యాంకరుకు కావలసిన మొదటి గుణం లాభాపేక్ష కాదు, అప్పు అడిగిన మనిషిని సరిగా తూచగల విచక్షణ. రెండవది, డిపాజిట్టుదారులు ఏ క్షణాన అడిగినా ఇవ్వగలిగినంత రొక్కం సిద్ధంగా ఉంచుకోగల నిగ్రహం. రొక్కం వడ్డీ తేదు. అందుకే దానిని తక్కువగా ఉంచాలన్న ప్రలోభం ప్రతి బ్యాంకరుకూ కలుగుతుంది.

రొక్కానికి, అప్పుకు మధ్యన మరొక మార్గం ప్రభుత్వ ప్రామిసరీ నోట్లు. ఆనాటివారు వాటిని ప్రభుత్వ కాగితం అనేవారు. అవసరమైనప్పుడు విపణిలో అమ్ముకోవచ్చు, అంతవరకు వడ్డీ వస్తుంది. ఇందులోను ఒక మెలిక ఉంది. మూడున్నర శాతం వడ్డీ ఇచ్చే నూరు రూపాయల కాగితం ఒకటి మనవద్ద ఉందనుకుందాం. అసలు ఎప్పుడు చెల్లిస్తారో గడువు లేదు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1917లో, ప్రభుత్వం ఐదు శాతానికి యుద్ధరుణం ఎత్తింది. నూరు పెడితే ఐదు వస్తుండగా, మూడున్నర ఇచ్చే పాత కాగితాన్ని నూరు పెట్టి ఎవరు కొంటారు? దాని ధర తగ్గితేనే కొనుగోలుదారు వస్తాడు. డెబ్బై రూపాయలకు దిగితే అప్పుడు మూడున్నర రూపాయలు డెబ్బైమీద ఐదు శాతమవుతుంది. వడ్డీరేటు పైకి పోతే పాత కాగితాల ధర కిందికి దిగడం, వడ్డీరేటు దిగితే వాటి ధర పైకి లేవడం ద్రవ్య విపణులలో నేటికీ మారని సూత్రం. ఏ మోసమూ చేయకుండానే, ఏ అప్పూ మునగకుండానే, వడ్డీరేటు పెరిగిన కారణంగానే ఒక బ్యాంకు నష్టపోవచ్చునన్న సంగతి ఇందులో ఉంది.

పట్టాభి ఒక్క బ్యాంకుతో ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని, 1929లో భారతలక్ష్మీ బ్యాంకును, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీని నెలకొల్పారు. పేర్లు వరుసగా చెప్పుకుంటే ఇది సంస్థాపనా వ్యామోహంలా తోచవచ్చు. కాని ఆర్థికశాస్త్ర దృష్టితో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. బ్యాంకులో సొమ్ము రేపో మాపో తిరిగి అడగదగినది. కాబట్టి పంటకు, సరుకుకు, కొద్ది నెలల వర్తకానికి అది తగును. బీమా కంపెనీకి వచ్చే ప్రీమియం సొమ్ము ఇరవై, ముప్పై ఏళ్ళవరకు చెల్లించనక్కరలేనిది. కాబట్టి అది దీర్ఘకాలిక పెట్టుబడులకు తగును. సహకార కేంద్ర బ్యాంకు పల్లె సంఘాలకు ఊతం. కాలపరిమితి వేరైన సొమ్ముకు వేరువేరు పాత్రలు అమర్చడమే వివేకం. 1913లో కూలిన బ్యాంకులు ఈ వివేకాన్ని విస్మరించినవే.

బీమా విషయంలో మరొక మాట. మరణానికి ముందుగా లెక్క కట్టి డబ్బు కూడబెట్టడం అశుభమని భావించే కుటుంబాలు ఆనాడు అనేకం. కుటుంబయజమాని అకాలమరణంతో భార్యాబిడ్డలు బంధువుల పంచన చేరడం మాత్రం అశుభంగా కాక విధిగా భావించబడేది. తండ్రి లేని ఇంట పెరిగిన పట్టాభికి ఆ విధి ఎంత కర్కశమో వేరొకరు చెప్పనవసరం లేదు.

సంస్థలు కుదుటపడుతున్న సమయంలో 1929లో ప్రపంచ ఆర్థికమాంద్యం ఆరంభమైంది. న్యూయార్కు వాటాల విపణి పతనం బందరు రైతుకు సంబంధించిన విషయం కాదనిపించవచ్చు. ఏడాది తిరగకముందే ధాన్యం ధరలు పడిపోయాయి. తరువాతి రెండు మూడేళ్ళలో పంటల ధరలు సగానికి, కొన్నిచోట్ల అంతకంటె దిగువకు జారాయి. అప్పు మాత్రం రూపాయల్లో రాసినది, అది తగ్గదు. పది బస్తాలు అమ్మి తీర్చగల అప్పుకు ఇరవై బస్తాలు అమ్మవలసివచ్చింది. పత్రంలో వడ్డీరేటు మారకపోయినా, రైతు మోసే బరువు రెట్టింపయింది. భూములు వేలానికి వచ్చాయి, కొనేవారు లేక వాటి ధరలూ పడిపోయాయి. తనఖా విలువ తరిగితే అప్పిచ్చిన సంస్థకూ గండమే. 1938లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చి పాత బకాయిలను తగ్గించవలసివచ్చింది. రైతుకు అది ఊరట, రుణదాతకు కోత. ఆ పదేళ్ళూ తట్టుకొని నిలిచిన బ్యాంకు నిజంగా గట్టిదే.

ఇంతలో మరొక మార్పు. 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పనిచేయనారంభించింది. అంతవరకు ఆపద వచ్చిన బ్యాంకుకు అప్పిచ్చి ఆదుకొనవలసిన నియతమైన బాధ్యత ఎవరిమీదా లేదు. రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని బ్యాంకు రేటు అంటారు. అది మూడున్నర శాతంతో మొదలై, 1935 నవంబరులో మూడు శాతానికి దిగి, 1951 నవంబరు వరకు అక్కడే నిలిచింది. పదహారేళ్ళ చవక ధనం! కాని పల్లెలో నూటికి రూపాయి వడ్డీ మూడు శాతానికి దిగలేదు. పైనున్న రేటుకు, దిగువనున్న రైతుకు నడుమ కాలువలు లేవు. కేంద్రంలో రేటు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, అది కిందికి ప్రవహించే మార్గముందా అన్నది అంతే ముఖ్యం. పట్టాభివంటివారు నెలకొల్పిన సంస్థలు ఆ కాలువలు తవ్వే ప్రయత్నాలే.

1938 జూన్‌లో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడి దక్షిణదేశమంతటా కలవరం రేగింది. ఒక బ్యాంకు మూతపడితే పక్క బ్యాంకు ఎంత ఆరోగ్యంగా ఉన్నా దాని గుమ్మంముందు కూడా జనం చేరతారు. వదంతి పుట్టినప్పుడు అందరికంటె ముందు వెళ్ళినవానికే పూర్తి సొమ్ము దక్కుతుందన్న భయం, ప్రతి ఒక్కరినీ పరుగెత్తిస్తుంది. అందరూ పరుగెత్తితే వదంతి నిజమైపోతుంది. ఆ గాలివానను ఆంధ్రా బ్యాంకు దాటింది.

ఈ సంవత్సరాలలో పట్టాభి బ్యాంకు గదిలో కూర్చొని లెక్కలు చూస్తున్నారని భావించరాదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆయన చెరసాలకు వెళ్ళారు. తరువాతి శాసనోల్లంఘనంలోను శిక్ష అనుభవించారు. 1935లో కాంగ్రెస్ స్వర్ణోత్సవ సందర్భంగా కాంగ్రెస్ చరిత్రను రచించారు. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో గాంధీజీ ఆశీస్సులతో నిలిచి, రెండు వందలకు పైగా ఓట్ల తేడాతో బోసు చేతిలో ఓడిపోయారు. గాంధీజీ దానిని పట్టాభి ఓటమిగా కాక తన ఓటమిగా ప్రకటించడంతో అది దేశవ్యాప్త వివాదమయింది. 1942లో క్విట్ ఇండియా తీర్మానం వెంటనే ఇతర కార్యవర్గ సభ్యులతోపాటు అరెస్టయి, అహమ్మద్‌నగరు కోటలో దాదాపు మూడేళ్ళు గడిపారు. అక్కడ రాసుకున్న దినచర్య తరువాత గ్రంథరూపంలో వెలువడింది. స్థాపకుడు చెరలో ఉండగా సంస్థలు నడిచాయి. ఒక సంస్థకు ఇంతకంటె మంచి యోగ్యతాపత్రం మరొకటి ఉండదు.

గాంధీజీ అనుచరుడు, రాట్నాన్ని నమ్మినవాడు, బ్యాంకులు పెట్టడమేమిటన్న సందేహం కొందరికి రాకపోదు. గ్రామం గ్రామంగా నిలవాలంటే దాని పొదుపు దానికే తిరిగి రావాలన్న కోణంలో చూస్తే ఈ రెంటికీ వైరుధ్యం లేదు. అయితే ఆ పొదుపు నిజంగా అందరికీ తిరిగి వచ్చిందా? భూమి ఉన్న రైతు, సరుకు ఉన్న వర్తకుడు, జీతం ఉన్న ఉద్యోగి బ్యాంకు మెట్లెక్కగలిగారు. కౌలుదారు, వ్యవసాయకూలీ, చేతివృత్తులవాడు తనఖా పెట్టడానికేమీ లేక షావుకారు అరుగుమీదనే కూర్చున్నారు. ఇది పట్టాభి సంస్థల ఒక్కటే లోపం కాదు, తనఖాను ఆధారం చేసుకొన్న బ్యాంకింగ్ పద్ధతియొక్క లోపం. అయినా దానిని దాచిపెట్టి ఆయనను పొగడడం ఆయనకు మర్యాద కాదు.

స్వాతంత్ర్యానంతరం ఆయన రాజ్యాంగసభ సభ్యులుగా పనిచేశారు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి జైపూరు కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేలులతో కూడిన త్రిసభ్య సంఘంలో ఆయన ఒకరు. మద్రాసు నగరంపై హక్కు వదులుకొంటేనే ఆంధ్రరాష్ట్రం సాధ్యమని ఆ సంఘం అభిప్రాయపడింది. యౌవనంనుండి ఆంధ్రరాష్ట్రం కోరిన వ్యక్తి ఆ నివేదికపై సంతకం చేయడం తెలుగునాట పలువురికి కష్టం కలిగించింది. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1959 డిసెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన జీవించి ఉండగానే 1956లో జీవితబీమా వ్యాపారం జాతీయమై జీవిత బీమా సంస్థ ఏర్పడింది. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ప్రధాన కార్యాలయం హైదరాబాదుకు తరలిన ఆంధ్రా బ్యాంకును 1980 ఏప్రిల్‌లో మరి ఐదు బ్యాంకులతోపాటు ప్రభుత్వం జాతీయం చేసింది. 2019లో ప్రభుత్వరంగ బ్యాంకుల విలీనం ప్రకటించినప్పుడు ఆ పేరును నిలపమని తెలుగునాట విన్నపాలు వెలువడ్డాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో సహా, యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయింది. శాఖల గుమ్మాలపై ఫలకాలు మారాయి. ఖాతాలు, డిపాజిట్లు, అప్పులు యథాతథంగా కొత్త పద్దులకెక్కాయి. 1915 నాటి సహకార కేంద్ర బ్యాంకు మాత్రం నేటికీ మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా తీరపు పల్లె సంఘాలకు పంటరుణాలు అందిస్తోంది.